హాలోవీన్ ఎవరి పండుగ? మిఠాయిల కింద దాగిన పెద్దల రాత్రి

సంక్షిప్తంగా: పిల్లలు అక్టోబరు 31 రాత్రి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు తెచ్చుకునే పండుగగా హాలోవీన్ స్థిరపడి ఇంకా వందేళ్లు కాలేదు. అంతకు ముందు ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో అది పెద్దలకూ పెళ్లీడు యువతకూ చెందిన రాత్రి. పశువులు, కౌలు బాకీలు, చనిపోయినవాళ్లు, కాబోయే పెళ్లిళ్లే దాని అసలు విషయాలు. దాని చుట్టూ ప్రచారంలో ఉన్న నరబలి కథలకు ఆధారాలు బలహీనం. నేటి పెద్దల సరదా కొత్త వికారమేమీ కాదు. పాత కట్టుబాట్లు లేని ఊళ్లలో అది వీధుల్లోకి వచ్చినప్పుడు ఎదురవుతున్న ప్రమాదం మాత్రం కొత్తది.

అక్టోబరు చివరి వారంలో డాలస్, న్యూజెర్సీలలోని తెలుగువారి గుమ్మాల ముందు దీపావళి ప్రమిదల పక్కనే చెక్కిన గుమ్మడికాయలు కనిపించడం మామూలైంది. హైదరాబాద్‌లోనూ కొన్ని గేటెడ్ కమ్యూనిటీలు, ప్రైవేటు బడులు, పబ్బులు ఈ పండుగ జరుపుతున్నాయి. పిల్లలు వేషం కట్టి చాక్లెట్లు అడిగితే పెద్దగా ఎవరికీ పేచీ లేదు. నలభై ఏళ్ల మనిషి పుర్రె ముసుగు తొడుక్కుని బయలుదేరినప్పుడే ప్రశ్నలు మొదలవుతాయి. పిల్లల పండుగలో పెద్దలకు పనేమిటని కొందరు అడుగుతారు. ఇది ఒకప్పుడు మనుషులను బలి ఇచ్చిన రాత్రి, సైతాను పూజ, దీనితో ఆటలేమిటని మరికొందరు హెచ్చరిస్తారు.

రెండు అభ్యంతరాలూ వేర్వేరు దిక్కుల నుంచి వచ్చినా, రెండూ తప్పు చరిత్ర మీదే నిలబడ్డాయి. మొదటిది అమెరికాలో 20వ శతాబ్దం మధ్యలో తయారైన రూపాన్ని పండుగ అసలు రూపంగా భావిస్తుంది. రెండోది 18, 19 శతాబ్దాల పండితుల ఊహలను ప్రాచీన సత్యంగా నమ్ముతుంది. ఈ రెండు పొరలనూ తొలగించి చూస్తే కింద ఉన్నది చీకటి రాత్రే, సందేహం లేదు. బతుకుతెరువు, చావు, పెళ్లి అనే మూడు బెంగలు కలిసిన చీకటి అది. మూడూ పెద్దల వ్యవహారాలే.

నవంబరు ఒకటి: లెక్క తేలే రోజు

గేలిక్ భాషలు మాట్లాడే ఐర్లండ్, స్కాట్లండ్, మ్యాన్ దీవి జనానికి ఏడాది రెండు భాగాలు. మే ఒకటిన వెలుగు భాగం, నవంబరు ఒకటిన చీకటి భాగం మొదలయ్యేవి. ఈ రెండో మలుపు పేరు సావిన్. సూర్యాస్తమయంతోనే కొత్త రోజు మొదలవుతుందని వారి లెక్క కనుక, అక్టోబరు 31న పొద్దు గూకగానే సావిన్ ప్రవేశించినట్టే.

ఆ తేదీకి అంత బరువు ఎందుకు వచ్చిందో తెలియాలంటే దేవతల కంటే ముందు పశువులను చూడాలి. వేసవిలో మందలను కొండమీది పచ్చికబయళ్లకు తోలేవారు. పడుచువాళ్లు అక్కడే గుడిసెలు వేసుకుని పాలు పితికి వెన్న తీసేవారు. సావిన్ నాటికి అందరూ దిగి రావాలి. అప్పుడు ప్రతి ఇంటికీ ఒకటే ప్రశ్న: ఉన్న మేత ఎన్ని నోళ్లకు సరిపోతుంది? మేత చాలని పశువులను శీతకాలమంతా పస్తు పెట్టి పోగొట్టుకోవడం కంటే అప్పుడే కోసి, మాంసానికి ఉప్పు పట్టించడం మేలు. పక్కనున్న ఇంగ్లండ్‌లోనూ ఇదే పరిస్థితి. తన పూర్వికులు నవంబరును 'బలుల నెల' అనేవారని, కోయబోయే పశువులను అప్పుడు తమ దేవతలకు అర్పించేవారని 8వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి బీడ్ రాశాడు. రక్తం, మంటలు, మాంసపు విందు ఒకేచోట చేరడానికి మూలం ఈ మేత లెక్కలోనే ఉంది.

మనుషుల లెక్కలూ అప్పుడే తేలేవి. ఐర్లండ్‌లో తరువాతి శతాబ్దాల్లో సైతం భూస్వామికి కౌలు చెల్లించే రెండు గడువుల్లో ఒకటి మే ఒకటి, రెండోది నవంబరు ఒకటి. ఉగాది నుంచి ఉగాదికి జీతగాడిని కుదుర్చుకునే మన పల్లెల ఆనవాయితీలాగే, అక్కడ పాలేళ్ల ఒప్పందాలు చాలావరకు ఈ రెండు గడువులకే ముడిపడి ఉండేవి. ఎవరు ఉంటారో, ఎవరు వెళ్లిపోతారో, ఏ పశువు బతుకుతుందో తేలిపోయే రాత్రి అది. అలాంటి రాత్రి రెండు లోకాల మధ్య తలుపు కూడా తెరుచుకుంటుందని జనం నమ్మడంలో వింతేమీ లేదు.

గుట్టల కింద, పాత సమాధి దిబ్బల కింద 'ఏస్ షీ' అనే అదృశ్య జాతి కాపురముంటుందని, సావిన్ రాత్రి వాళ్లు బయట తిరుగుతారని ఐరిష్ జనం నమ్మేవారు. వాళ్లు దయ్యాలూ కారు, దేవతలూ కారు. మర్యాద చేస్తే ఊరుకుంటారు, అవమానిస్తే పాడిని, పసిబిడ్డలను ఎత్తుకుపోతారు. అందుకే గుమ్మం బయట వాళ్ల కోసం తిండి పెట్టేవారు. చీకట్లో ఎవరి మీద పడుతుందోనన్న భయంతో కేకవేసి హెచ్చరించకుండా నీళ్లు పారబోసేవారు కాదు. కౌలు గడువు దాటితే భూస్వామి ఏం చేస్తాడో తెలిసిన రైతుకు, కనిపించని పొరుగువారి బాకీ ఎగ్గొడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఉరి తీసినవాడి దాహం

ఈ భయం ఎలా పనిచేసేదో మధ్యయుగపు ఐరిష్ కథ ఒకటి స్పష్టంగా చూపిస్తుంది. ఇప్పటి రాస్‌కామన్ కౌంటీలోని రాత్‌క్రోహన్ కోటలో రాజు ఐలిల్, రాణి మేవ్ సావిన్ రాత్రి తమ పరివారంతో కూర్చుని ఉంటారు. పొయ్యి మీద వంట ఉడుకుతోంది. బయట ముందు రోజు ఉరి తీసిన ఇద్దరు బందీల శవాలు వేలాడుతున్నాయి. ఆ చీకట్లోకి వెళ్లి ఒక శవం కాలికి తీగ చుట్టి వచ్చినవాడికి బంగారు పిడి కత్తి ఇస్తానని రాజు పందెం కడతాడు. వెళ్లినవాళ్లందరూ హడలిపోయి వెనక్కి వస్తారు. నేరా అనేవాడు మాత్రం పని పూర్తి చేస్తాడు. అప్పుడు శవం నోరు విప్పుతుంది. ఉరి తీసేటప్పుడు దాహంతో ఉన్నానని, నీళ్లు తాగించమని అడుగుతుంది.

శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడిని ఎరిగిన తెలుగు పాఠకులకు తరువాతి దృశ్యం కొత్తగా తోచదు. నేరా శవాన్ని మోసుకుని బయలుదేరతాడు. మొదటి ఇంటి చుట్టూ నిప్పు వలయం ఉంటుంది. ఆ ఇంట్లో పొయ్యిలోని నిప్పులను సరిగ్గా కప్పిపెట్టారు, కాబట్టి శవం లోపలికి పోలేదు. రెండో ఇంటి చుట్టూ నీటి వలయం. అక్కడ కడుగునీళ్లు నిలవ ఉంచకుండా పారబోశారు. మూడో ఇంట్లో కడుగునీళ్లు, కుడితి తొట్టి అలాగే ఉన్నాయి. శవం వాటిని తాగి, చివరి పుక్కిలి ఇంట్లోవాళ్ల ముఖాల మీద ఉమ్ముతుంది. అందరూ చనిపోతారు. నిప్పు కప్పకుండా, కుడితి పారబోయకుండా పడుకోకూడదని కథ అక్కడ ఆగి మరీ చెబుతుంది.

నేరా తిరిగి వచ్చేసరికి కోట తగలబడి ఉంటుంది, నరికిన తలలు గుట్టగా పడి ఉంటాయి. ఆ పని చేసిన ఏస్ షీ సేన వెనుకే అతను ఒక గుహలోకి దిగి, అవతలి లోకంలో ఒక స్త్రీని పెళ్లాడతాడు. అతను చూసింది ఇంకా జరగలేదని, ముందుగా హెచ్చరించకపోతే వచ్చే సావిన్‌కు జరుగుతుందని ఆమె చెబుతుంది. సాక్ష్యంగా వేసవిలో మాత్రమే పూసే పూలూ ఆకులూ పట్టుకుని అతను పైకి వస్తే, రాజుగారి వంట ఇంకా పొయ్యి దిగలేదు.

వణికించే వినోదం, ఇల్లు దిద్దుకునే క్రమశిక్షణ, శత్రువు గురించిన హెచ్చరిక ఈ కథలో విడదీయలేనంతగా కలిసిపోయాయి. శీతకాలమంతా ఒక పొయ్యి మీద, కొన్ని నిలవల మీద ఆధారపడిన ఇంట్లో నిర్లక్ష్యం నిజంగానే ప్రాణాలు తీస్తుంది. ఆ జాగ్రత్త మరచిపోకుండా ఉండటానికి భయమే సాధనం. కథలోని పందెగాళ్లూ, దాన్ని తోలుకాగితాల మీద రాసిపెట్టిన మఠాల లేఖకులూ అందరూ పెద్దవాళ్లే. ఆ గుహ రాత్‌క్రోహన్‌లో ఇప్పటికీ ఉంది. మధ్యయుగపు క్రైస్తవ రచయితలు దాన్ని ఐర్లండ్ నరకద్వారమని పిలిచారు.

నరబలి కథలకు ఆధారం ఎంత?

డ్రూయిడ్లు అనే పురోహితులు ఈ రాత్రి మనుషులను బలి ఇచ్చేవారన్న మాట ప్రతి అక్టోబరులోనూ తిరిగి వస్తుంది. డ్రూయిడ్లు తమ గురించి రాతలేవీ మిగల్చలేదు. వారు నరబలి ఇచ్చేవారని రోమన్ సేనాని జూలియస్ సీజర్ రాసింది గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) దేశం గురించి. అతను దానిని నవంబరుతో ముడిపెట్టలేదు. పైగా అతను ఆ దేశాన్ని జయించడానికి వచ్చిన సేనాని. ఐర్లండ్‌కు సంబంధించి మధ్యయుగపు స్థలపురాణాల్లో ఒక ప్రస్తావన ఉంది. మాగ్ స్లెక్త్ మైదానంలోని విగ్రహానికి పాలు, ధాన్యం కోసం తొలిచూలు బిడ్డలను అర్పించేవారని అందులో కనిపిస్తుంది. దాన్ని రాసింది క్రైస్తవ లేఖకులు, అదీ ఐర్లండ్ క్రైస్తవ దేశంగా మారిన కొన్ని శతాబ్దాల తరువాత. పాత మతం ఎంత క్రూరమైనదో చెప్పడం వారికి అవసరం. అలాంటి సాక్ష్యాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, దాని మీద ఇల్లు కట్టలేం.

'సావిన్' అనే మృత్యుదేవుడి కథ ఇంకా బలహీనం. సావిన్ ఒక దేవుడి పేరని 18వ శతాబ్దంలో చార్లెస్ వలాన్సీ అనే బ్రిటిష్ సైనికాధికారి ప్రతిపాదించాడు. పాత ఐరిష్ రచనల్లో అలాంటి దేవుడు లేడు. అయినా ఆ మాట చేతులు మారుతూ 20వ శతాబ్దపు అమెరికా మతప్రచార కరపత్రాల దాకా వచ్చింది. గేలిక్ జనం కూడా చెందిన కెల్టిక్ జాతులకు సావిన్ నూతన సంవత్సరమన్న ప్రసిద్ధ వాక్యం కూడా 19వ శతాబ్దం చివర ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ రీస్ చేసిన ఊహ. ఆ రోజు మొదటి నుంచీ మృతుల పండుగేనన్న వాదానికి ప్రాచీన ఆధారాలు చాలా తక్కువని చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ చూపించారు.

సావిన్‌ను మింగడానికే చర్చి సకల పునీతుల పండుగను నవంబరు ఒకటిన పెట్టి, ఈ పండుగను కబ్జా చేసిందన్న కథ కూడా అంత సూటిగా లేదు. సకల పునీతుల స్మరణ రోమ్‌లో మొదట మే నెలలో ఉండేది. 7వ శతాబ్దం మొదట్లో పోప్ నాలుగో బోనిఫేస్ పాంథియన్ అనే పాత రోమన్ గుడిని మే 13న క్రైస్తవ ఆలయంగా ప్రతిష్ఠించాడు. క్రీ.శ. 800 ప్రాంతపు ఐరిష్ పంచాంగాల్లో ఆ స్మరణ ఏప్రిల్ 20న ఉంది. నవంబరు ఒకటి ఆ సమయంలో ఇంగ్లండ్, జర్మనీ ప్రాంతాల్లో కనిపిస్తుంది. 835లో ఫ్రాంకుల సామ్రాజ్యమంతటా అదే ఖాయమైంది. ఐరిష్ పండుగను మింగడానికే ఆ తేదీని ఎంచుకుని ఉంటే, స్వయంగా ఐరిష్ చర్చే దాన్ని ఏప్రిల్‌లో ఎందుకు జరుపుకుంటుంది? రెండు పండుగలూ ఒకే తేదీన కలిశాక ఒకదాని రంగు మరొకదానికి అంటుకుందని అనుకోవడమే సబబు.

చనిపోయినవాళ్లకు చెల్లించాల్సింది

మృతులు ఈ కథలోకి గట్టిగా అడుగుపెట్టింది క్రైస్తవ మార్గంలోనే. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఒడిలో, తన కింద ఉన్న మఠాలన్నీ నవంబరు 2న చనిపోయినవారందరి కోసం ప్రార్థించాలని నిర్దేశించాడు. అది యూరప్ అంతా పాకింది. స్వర్గానికి చేరకుండా శుద్ధిస్థలంలో వేగుతున్న ఆత్మలకు బతికున్నవారి ప్రార్థనలు ఊరటనిస్తాయని నమ్మకం. ఇంగ్లండ్‌లో పేదలు, పిల్లలు గుమ్మం గుమ్మం తిరిగి 'ఆత్మల రొట్టె' అడిగేవారు. రొట్టె ఇచ్చిన ఇంటి మృతుల కోసం ప్రార్థించేవారు. ఇది ముష్టి కాదు, మారకం: ఆకలి ఒకవైపు తీరుతుంది, బాకీ మరోవైపు తీరుతుంది.

ఆ తేదీ తెలుగు నేలకూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కథోలిక కుటుంబాలు నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ క్లూనీ మఠం నుంచి వచ్చిన ధారే. హాలోవీన్ పరాయిదని భావించేవారు సైతం దాని తోబుట్టువును తమ ఊరి శ్మశానంలో ఏటా చూస్తూనే ఉన్నారు. పెత్తరమాసనాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చే ఇళ్లకూ ఈ బాకీ భావన అర్థమవుతుంది, ఆ రెండింటికీ చారిత్రక సంబంధం లేకపోయినా.

16వ శతాబ్దపు ప్రొటెస్టంట్ మతసంస్కరణ ఈ మారకాన్ని తెంచేసింది. శుద్ధిస్థలమే లేదన్నారు. కాబట్టి చచ్చినవారికి బతికున్నవారు చేయగలిగిందేమీ లేదు. ఆ రాత్రి మృతుల కోసం చర్చి గంటలు మోగించడాన్ని ఇంగ్లండ్‌లో నిషేధించారు. 1605లో పార్లమెంటును పేల్చే కుట్ర బయటపడ్డాక నవంబరు 5 మంటలు ప్రభుత్వ పండుగయ్యాయి, పాత రాత్రి అక్కడ వెనుకబడింది. ఐర్లండ్‌లోనూ స్కాట్లండ్‌లోనూ అది నిలిచింది. ప్రార్థన పోయాక మిగిలింది గుమ్మం దగ్గర అడగడం, వేషం, భయం.

అద్దంలో కనిపించే ముఖం

ఈ దశలో హాలోవీన్ ఎవరిదో తెలుసుకోవాలంటే స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఆ రాత్రి గురించి రాసిన దీర్ఘకవిత చాలు. అందులో ఉన్నది పెళ్లీడు ఆడపిల్లలు, కుర్రాళ్లు. కళ్లు మూసుకుని తోటలో కేల్ అనే క్యాబేజీ జాతి ఆకుకూర మొక్క పీకుతారు. కాడ తిన్నగా ఉందా వంకరగా ఉందా అన్నదాన్ని బట్టి కాబోయే జంట రూపు, వేళ్లకు అంటిన మట్టిని బట్టి కట్నం, కాడ రుచిని బట్టి స్వభావం తెలుస్తాయని నమ్మకం. ఇద్దరి పేర్లతో రెండు గింజలను నిప్పులో వేస్తారు. పక్కపక్కనే కాలితే కాపురం, ఒకటి ఎగిరి పడితే ఎడబాటు. ఆపిల్ తింటూ అద్దం ముందు నిలబడితే భుజం వెనుక మొగుడి ముఖం కనబడుతుంది.

ఐర్లండ్‌లో ఎండుద్రాక్ష రొట్టెలో ఉంగరం, నాణెం, గుడ్డపీలిక, పుల్ల పెట్టి కాల్చేవారు. ఉంగరం వస్తే పెళ్లి, గుడ్డపీలిక వస్తే దరిద్రం. పుల్ల వచ్చినవారికి దెబ్బల కాపురమట. ఇదంతా నవ్వుల మధ్యే జరిగేది, కానీ పందెంలో ఉన్నది జీవితం. విడాకులు లేని, ఆడవాళ్లకు సొంత ఆదాయం దాదాపు లేని సమాజంలో మొగుడు ఎలాంటివాడన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

చావు కూడా అదే ఆటలో ఉండేది. వేల్స్‌లో ఒక్కొక్కరూ గుర్తుపెట్టిన తెల్లరాయిని మంటలో వేసి ఇంటికి వెళ్లేవారు. తెల్లవారి ఎవరి రాయి కనిపించకపోతే వారికి ఏడాది తిరగదని నమ్మకం. మ్యాన్ దీవిలో పడుకునే ముందు పొయ్యి బూడిదను చదునుగా పరిచేవారు. పొద్దున దాని మీద గుమ్మం వైపు వెళ్తున్న పాదం అచ్చు కనిపిస్తే ఇంట్లో ఒకరు పోతారు. పిల్లలను ఆడించడానికి ఎవరూ ఇలాంటి ఆట పెట్టరు.

టర్నిప్ దుంపను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టడం కూడా ఐర్లండ్, స్కాట్లండ్‌ల ఆచారమే. దాని వెనుక కథ మన కొరివిదెయ్యం కథకు దగ్గర. సైతానును మోసగించిన జాక్ అనేవాడికి చనిపోయాక స్వర్గంలోనూ చోటు దొరకదు, నరకంలోనూ దొరకదు. దుంపలో నిప్పుకణిక పెట్టుకుని అతను ఎప్పటికీ చీకట్లో తిరుగుతుంటాడు.

అమెరికాలో పిల్లల చేతికి

1845లో మొదలైన బంగాళాదుంప కరవులో ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి వలసపోయారు. ఆ వలసదారులు, వారికి ముందే వెళ్లిన స్కాట్లండ్ జనం ఈ రాత్రిని ఉత్తర అమెరికాకు తీసుకెళ్లారు. అక్కడ టర్నిప్ స్థానంలో గుమ్మడికాయ వచ్చింది. పెద్దది, మెత్తనిది, చెక్కడం తేలిక.

కొత్త నేల మీద భూతాల భయం పలచబడి, అల్లరి మిగిలింది. పల్లెలో పొరుగువాడి గేటు పీకి దాచిపెట్టడం అందరికీ తెలిసినవాళ్ల మధ్య జరిగే ఆట. అదే అల్లరి పెద్ద నగరాల్లో, ముక్కూమొహం తెలియనివారి ఆస్తి మీద జరిగితే నేరం. 1920లు, 30లలో కార్లు తలకిందులు చేయడం, వీధిదీపాలు పగలగొట్టడం, నిప్పు పెట్టడం దాకా వెళ్లింది. ఆర్థికమాంద్యం దాన్ని మరింత ముదిరించింది. నగరపాలక సంస్థలు, క్లబ్బులు, బడులు కలిసి పరిష్కారం వెతికాయి: ఊరేగింపులు, వేషాల పోటీలు, ఇంటింటా తాయిలాలు. మిన్నెసోటా రాష్ట్రంలోని అనోకా పట్టణం 1920లోనే ఇలాంటి ఊరేగింపు మొదలుపెట్టింది. తాయిలమిస్తారా, అల్లరి చేయమంటారా అనే బెదిరింపు వాక్యం ఆ కాలపు కెనడా పత్రికల్లో కనిపిస్తుంది. ఆ వాక్యంలో పాత బాకీ భావం ఇంకా ఉంది. అడిగేవాడికి ఇవ్వకపోతే ఫలితం అనుభవించాలి.

రెండో ప్రపంచయుద్ధంలో చక్కెర రేషన్ ఈ ఆనవాయితీని నిలిపివేసింది. 1947లో రేషన్ ఎత్తేశారు. తరువాతి దశాబ్దంలో కొత్త శివారు కాలనీలు, యుద్ధం తరువాత పుట్టిన కోట్ల మంది పిల్లలు, మిఠాయి కంపెనీల ప్రకటనలు ఒక్కసారి కలిశాయి. మనం సినిమాల్లో చూసి ఆదిమ రూపమనుకునే హాలోవీన్ అప్పుడు తయారైంది.

దానికి మళ్లీ చీకటి పట్టడానికి ఎంతో కాలం పట్టలేదు. మిఠాయిల్లో విషం, ఆపిళ్లలో బ్లేడ్లు అన్న వదంతులు 1970లలో దేశాన్ని కమ్మేశాయి. 1974లో టెక్సస్‌లో ఒక బాలుడు సయనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయాడు. దాన్ని ఇచ్చింది అపరిచితుడు కాదు, బీమా డబ్బుకు ఆశపడిన కన్నతండ్రి. 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు, ముక్కూమొహం తెలియనివారు పంచిన విషపు మిఠాయితో పిల్లలు చనిపోయినట్టు నిర్ధారణ అయిన సంఘటన ఒక్కటీ దొరకలేదు. అయినా వదంతి పనిచేసింది. 1982లో షికాగోలో నొప్పి మాత్రల్లో ఎవరో సయనైడ్ కలపగా ఏడుగురు చనిపోయాక భయం ఇంకా పెరిగింది. తల్లిదండ్రులు పిల్లల చేయి పట్టుకుని తిరగడం, మిఠాయిలను తనిఖీ చేయడం మామూలైంది. ఒకప్పుడు దయ్యానిదైన స్థానంలో ఇప్పుడు పొరుగింటివాడు నిలబడ్డాడు.

పెద్దలు తిరిగి వచ్చిన దారి

అదే 1970లలో పెద్దలు ఈ రాత్రిని తిరిగి అందుకున్నారు. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ముసుగులు తయారుచేసే రాల్ఫ్ లీ చిన్నగా మొదలుపెట్టిన బొమ్మల ఊరేగింపు కొన్నేళ్లలో మహా జనసందోహమైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో వీధిలో, తరువాత వెస్ట్ హాలీవుడ్‌లో స్వలింగ సంపర్కుల సమాజాలు దీన్ని తమ రాత్రిగా చేసుకున్నాయి. దానికి బలమైన కారణం ఉంది. మగవాళ్లు ఆడవేషంలో, ఆడవాళ్లు మగవేషంలో బయట కనిపించడాన్ని నేరంగా చూసే చట్టాలు అనేక అమెరికన్ నగరాల్లో దశాబ్దాల పాటు అమల్లో ఉన్నాయి. అందరూ వేషంలో ఉండే ఒక్క రాత్రి వాటి నుంచి ఊపిరి తీసుకునే వెసులుబాటు ఇచ్చింది. పండుగలో అందరికంటే ఎక్కువ ప్రాణం పోసినవారు, మిగతా 364 రోజులూ దాక్కోవాల్సి వచ్చినవారే.

వ్యాపారం వెనుకనే వచ్చింది. 1980లలో బీరు కంపెనీలు దీన్ని పెద్దల పండుగగా ప్రకటించడం మొదలుపెట్టాయి. అమెరికా చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్య 2023 అంచనాలో హాలోవీన్ మొత్తం ఖర్చు 1,220 కోట్ల డాలర్లు. అందులో పెద్దల వేషాలకు 200 కోట్లు, పిల్లల వేషాలకు 140 కోట్లు. ఇది పిల్లల పండుగ అన్న మాట కొనుగోళ్ల లెక్కల్లోనే నిలబడటం లేదు.

భయం ఎందుకు రుచిస్తుంది

డబ్బిచ్చి మరీ భయపడటం ఏమిటన్న ప్రశ్నకు డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు భూత్ బంగళాలోనే సమాధానం వెతికారు. వైలా పట్టణం దగ్గరి ఒక వినోద బంగళాలోకి వెళ్లిన 110 మంది గుండె వేగాన్ని కొలిచి 2020లో ఫలితాలు ప్రకటించారు. భయం మరీ తక్కువైతే విసుగు, మరీ ఎక్కువైతే బాధ. ఆ రెంటి నడుమ, గుండె తన మామూలు లయ నుంచి కొద్దిగా తప్పిన చోట ఆనందం ఎక్కువగా ఉంది. ఊహించనిది ఎదురైనప్పుడు దానికి శరీరం ఎలా స్పందిస్తుందో, మళ్లీ ఎలా కుదురుకుంటుందో మనిషి సురక్షితంగా సాధన చేస్తున్నాడన్నది వారి వివరణ. నేరా కథ విన్న శ్రోతలు పొందినది ఇలాంటిదే కావచ్చు.

వేషం పని వేరు. 1976లో ప్రచురితమైన ఒక అమెరికన్ ప్రయోగంలో హాలోవీన్ రాత్రి వచ్చిన 1,352 మంది పిల్లలను గమనించారు. పేరు అడగని గుంపులోని పిల్లలు, పేరు చెప్పి ఒంటరిగా వచ్చినవారి కంటే చాలా ఎక్కువగా మిఠాయి కాజేశారు. గుర్తింపు తొలగితే అదుపు సడలుతుంది. సంప్రదాయాలు దీన్ని ఎప్పుడో గమనించి, ఆ సడలింపుకు హద్దులు గీశాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర వేషాలు ఏ రోజున ఏది కట్టాలో నియమం ఉంది. మగవారు ఆడవేషం కట్టవచ్చు, బూతులు తిట్టవచ్చు, ఎవరూ నొచ్చుకోకూడదు. జాతర ముగిశాక ఆ స్వేచ్ఛ కూడా ముగుస్తుంది. పాత ఐరిష్ పల్లెలో వేషగాళ్ల గుంపుకూ ఇలాంటి హద్దు ఉండేది: అందరూ ఎరిగిన ఇళ్లు, అందరూ ఎరిగిన రాత్రి.

జనమే ప్రమాదమైనప్పుడు

పెద్దల హాలోవీన్ ఇప్పుడు దానితో ఏ పూర్వసంబంధమూ లేని నగరాలకు చేరింది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఇటేవాన్‌లో 2022 అక్టోబరు 29 రాత్రి, మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు మాత్రమే ఉన్న ఒక వాలు సందులో తొక్కిసలాట జరిగి 159 మంది ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువమంది ఇరవైలలో, ముప్పైలలో ఉన్నవారు. సాయంత్రం 6:34కే ఒకరు పోలీసులకు ఫోన్ చేసి జనం నలిగిపోతున్నారని చెప్పారు. విపత్తు జరిగేలోపు అలాంటి ఫోన్లు 11 వచ్చాయి. అయినా అదుపు చేసే బలగం రాలేదు. ఆ పండుగకు నిర్వాహకులంటూ ఎవరూ లేరు. భద్రతా ప్రణాళిక బాధ్యత నిర్వాహకుల మీదే పెట్టిన నియమాల్లో ఇలాంటి గుంపుకు చోటు లేదు. ఆ లోపాన్ని సవరిస్తూ, నిర్వాహకులు లేని జనసమూహాల బాధ్యతను స్థానిక ప్రభుత్వాలకు అప్పగించేలా కొరియా తరువాత చట్టం మార్చింది.

టోక్యోలోని షిబూయా వార్డు వేరే దారి పట్టింది. 2018లో గుంపు ఒక చిన్న ట్రక్కును తిరగేశాక, 2019 నుంచి హాలోవీన్ రోజుల్లో వీధిలో మద్యం తాగడాన్ని నిషేధించారు. 2023లో ఆ వార్డు మేయర్ ఆ రాత్రి అసలు ఇక్కడికి రావద్దని బహిరంగంగా కోరారు.

వీటికి భిన్నంగా ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరం ఉంది. 1980లలో, సాయుధ ఘర్షణల మధ్యలో, ఒక పబ్బులో జరుగుతున్న వేషాల విందును బాంబు భయంతో ఖాళీ చేయిస్తే జనం వేషాలతోనే వీధిలో ఆట కొనసాగించారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. అలా వీధికెక్కిన సరదాను నగర మండలి తన చేతుల్లోకి తీసుకుంది. నేడు అక్కడ ఊరేగింపు దారి, బాణాసంచా వేళ ముందే ప్రకటిస్తారు. ముసలివాళ్లతో సహా ఊరు ఊరంతా వేషం కడుతుంది. పెద్దల అల్లరి అక్కడ తగ్గలేదు, దానికి జవాబుదారీ దొరికింది.

హైదరాబాద్, బెంగళూరులలో హాలోవీన్ ఇప్పటికి ప్రధానంగా గోడల లోపలే ఉంది. టికెట్టు పెట్టిన పబ్బు, గేటు ఉన్న కాలనీ, ప్రహరీ ఉన్న బడి దానికి వేదికలు. పబ్బులో ఎంతమందిని పట్టనివ్వాలో, నిష్క్రమణ దారులు ఎన్ని ఉండాలో చెప్పే నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి. ఆ రాత్రి వాటిని అమలు చేయడమే అసలు పని. పబ్బులు వరసగా ఉన్న ఒక వీధి సామాజిక మాధ్యమాల పిలుపుతో ఒకేసారి నిండిపోయే రోజు వస్తే, ఎదురయ్యేది ఇటేవాన్ ప్రశ్నే: ఆ వీధికి ఆ రాత్రి బాధ్యులు ఎవరు?